ఎండోమెట్రియోసిస్ అనుమానం: హైదరాబాదులో పరీక్షలను, వైద్యాన్ని ఏ క్రమంలో ఎంచుకోవాలి

నెలసరి వచ్చిన ప్రతిసారీ మొదటి రెండు మూడు రోజులు మంచం దిగలేని నొప్పి, మాత్ర వేసుకున్నా కాలేజీకో ఆఫీసుకో వెళ్లలేని స్థితి, మలవిసర్జన వేళనో కలయిక వేళనో లోతుగా పొడిచినట్టు బాధ, నెలసరి లేని రోజుల్లో కూడా పొత్తికడుపులోనూ నడుములోనూ విడవని లాగుడు ఉన్న స్త్రీకి ఎండోమెట్రియోసిస్ ఉండవచ్చునని అనుమానించడానికి స్కానింగు రిపోర్టు దాకా ఆగనక్కరలేదు. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచికి బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, గర్భసంచి వెనుక భాగంలో, కొందరిలో పేగు మీద, మూత్రాశయం మీద పెరిగి, అక్కడ వాపును కలిగించి, క్రమంగా అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేసే వ్యాధి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారు.

నొప్పి మొదలైన నాటికీ, దానికి డాక్టరు ఒక పేరు పెట్టే నాటికీ మధ్య ఏళ్లు గడిచిపోవడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. మన ఇళ్లలో దానికి ఇంకొన్ని మాటలు తోడవుతాయి. "ఆడపిల్లకు ఆ మాత్రం నొప్పి మామూలే", "పెళ్లయితే అదే సర్దుకుంటుంది", "ఒక కాన్పయితే పోతుంది" అని అమ్మలూ అత్తలూ ప్రేమతోనే చెబుతారు గాని, ఆ మాటల వల్ల చికిత్స మొదలు కావడమే ఆలస్యమవుతుంది. ఎండోమెట్రియోసిస్‌ను తగ్గించుకోవడం కోసమే గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదని యూరోపియన్ మానవ పునరుత్పత్తి, పిండశాస్త్ర సంఘం 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఈ వ్యాసంలో 2022 మార్గదర్శకాలు అన్నచోటల్లా నా ఉద్దేశం అవే.

హైదరాబాదులో ఆసుపత్రులకు కొరత లేదు. వీధి చివర నర్సింగ్ హోమ్ నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా, సంతాన సాఫల్య కేంద్రం నుంచి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి దాకా అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఒక్కో చోట ఒక్కో మార్గం మొదటగా కనబడుతుంది: శస్త్రచికిత్స నిపుణుల దగ్గరికి నేరుగా వెళ్తే ఆపరేషన్ మాట ముందు వస్తుంది, సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్తే ఐవీఎఫ్ మాట ముందు వస్తుంది, మందుల షాపుకు వెళ్తే నొప్పి మాత్ర తప్ప మరేదీ రాదు. అందుచేత ఏ ఆసుపత్రి అని అడగడానికి ముందు, నాకు ఇప్పుడు కావలసింది ఏమిటి అని తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందు తేల్చుకోవలసిన విషయం

కావలసింది సాధారణంగా మూడింటిలో ఒకటి అవుతుంది. మొదటిది, పిల్లల ఆలోచన ఇప్పట్లో లేదు, నొప్పి తగ్గి చదువో ఉద్యోగమో సాగితే చాలు. రెండవది, గర్భం కోసం ప్రయత్నిస్తున్నాము, నొప్పి కూడా ఉంది. మూడవది, స్కానింగులో ఇప్పటికే పెద్ద చాక్లెట్ సిస్టు (ఈ వ్యాధి వల్ల అండాశయంలో పాత రక్తంతో నిండిన గడ్డ) కనబడింది, లేదా పేగుకో మూత్రనాళానికో వ్యాధి పాకిందన్న అనుమానం ఉంది. ఈ మూడు పరిస్థితులలో సరైన వైద్యం ఒకటే కాదు. మొదటి దానికి అత్యుత్తమమైన మందు రెండవ దానికి పూర్తిగా అడ్డు, ఎందుకంటే ఎండోమెట్రియోసిస్‌కు వాడే హార్మోన్ మందులు చాలావరకు అండం విడుదలను ఆపుతాయి, వాటిని వాడుతున్నంత కాలం గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ, వాటిని వాడినందువల్ల తరువాత గర్భం వచ్చే అవకాశం పెరగదు కూడా.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు నెలల పాటు ఒక నోటుపుస్తకంలో నాలుగు విషయాలు రాసుకోవడం ఏ ఖరీదైన పరీక్ష కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది: ఏ తేదీన నొప్పి వచ్చింది, సున్నా నుంచి పది వరకు కొలిస్తే ఎంత, ఆ రోజు ఏ పని మానుకోవలసి వచ్చింది, మలమూత్ర విసర్జన వేళ లేదా కలయిక వేళ నొప్పి ఉందా. అమ్మకో అక్కకో ఇదే వ్యాధి ఉంటే అది కూడా చెప్పాలి, ఎందుకంటే దగ్గరి రక్తసంబంధీకులలో ఉన్నప్పుడు ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది. పెళ్లయిన స్త్రీ కలయికలో నొప్పి గురించి, పెళ్లికాని అమ్మాయి మలవిసర్జనలో నొప్పి గురించి, పక్కన అత్తగారో నాన్నగారో ఉన్నప్పుడు నోరు విప్పలేరు. కాబట్టి ఐదు నిమిషాలు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని ముందే అడగడం మంచిది. ఆ ఐదు నిమిషాలలో చెప్పిన విషయమే చాలాసార్లు రోగనిర్ధారణకు దారి చూపుతుంది.

మొదట ఎవరి దగ్గరికి

దగ్గర్లోని గైనకాలజిస్టు దగ్గరికే ముందు వెళ్లడం నా దృష్టిలో సరైన ఆరంభం. నొప్పి తీరును విని, పొత్తికడుపు పరీక్ష చేసి, మామూలు స్కానింగు రాసి, పిల్లల ఆలోచన లేనివారికి మొదటి మందు మొదలుపెట్టడానికి ఆమె చాలు. పేరున్న పెద్ద డాక్టరు అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి నొప్పితో ఎదురుచూడటంలో అర్థం లేదు. అయితే ఆమె మాటల్లో ఒక సంకేతం కోసం చూడండి. నొప్పి గురించి వివరంగా అడగకుండానే "స్కానింగ్ నార్మల్, టెన్షన్ పడకండి" అని పంపించేస్తే, ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడానికి సందేహించనక్కరలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకునేవారికి పేట్లబుర్జు, సుల్తాన్ బజారు ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. పేట్లబుర్జులోనూ సుల్తాన్ బజారులోనూ కాన్పుల రద్దీ ఎక్కువ, ఓపీలో నెలసరి నొప్పి కోసం వచ్చినవారికి దొరికే సమయం తక్కువ. అందుకే పైన చెప్పిన నోటుపుస్తకం అక్కడ మరింత అవసరం. పేగుకో మూత్రనాళానికో వ్యాధి పాకిందన్న అనుమానం ఉంటే, గైనకాలజీతో పాటు జీర్ణాశయ శస్త్రచికిత్స, యూరాలజీ విభాగాలు కూడా ఉన్న గాంధీ వంటి బోధనాసుపత్రికి వెళ్లడం ప్రసూతి ఆసుపత్రి కన్నా మేలు. ఈఎస్ఐ కార్డున్న ఉద్యోగినులకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రక్తహీనత, థైరాయిడ్ వంటి తొలి రక్తపరీక్షలను బస్తీ దవాఖానా ద్వారా తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేయించుకోవచ్చు.

ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లను ప్రత్యేకంగా చేసే లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) నిపుణులు, సంతాన సాఫల్య నిపుణులు ఎప్పుడు కావాలన్నది పైన చెప్పిన మూడు పరిస్థితులను బట్టి ఉంటుంది. మొదటి పరిస్థితిలో వారు రెండో మెట్టు. రెండవ, మూడవ పరిస్థితులలో వారి దగ్గరికి నేరుగా వెళ్లినా తప్పులేదు.

పరీక్షలలో ఏది ఏమి చెబుతుంది

పొట్ట మీద నుంచి చేసే మామూలు అల్ట్రాసౌండ్ చౌక, అన్ని చోట్లా దొరుకుతుంది, గర్భసంచిలో గడ్డలనూ పెద్ద చాక్లెట్ సిస్టులనూ చూపిస్తుంది. కాని పొత్తికడుపు లోపలి పొర మీద పలుచగా పరుచుకున్న వ్యాధిని అది చూపదు. లోతుగా పాకిన వ్యాధిని కూడా చాలాసార్లు చూపలేదు. అందువల్ల "స్కానింగ్ నార్మల్" అనే రిపోర్టు వ్యాధి లేదని రుజువు చేయదు. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ల తరబడి "నీ నొప్పి అంతా మనసులోనే ఉంది" అనిపించుకున్నవారు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు.

యోని ద్వారా చేసే స్కానింగు, వాడుకలో టీవీఎస్, దానికన్నా చాలా మెరుగైనది. చాక్లెట్ సిస్టులను బాగా గుర్తిస్తుంది, తర్ఫీదు పొందిన చేతిలో అయితే గర్భసంచి, పేగు ఒకదాని మీద ఒకటి స్వేచ్ఛగా జారుతున్నాయా లేక అతుక్కుపోయాయా అన్నది కూడా చెబుతుంది. ఇక్కడ యంత్రం కన్నా దాన్ని వాడే మనిషి ముఖ్యం. గర్భిణులకు స్కాన్ చేసే కేంద్రంలో పది నిమిషాల్లో ముగిసే టీవీఎస్, ఎండోమెట్రియోసిస్ కోసమే ఓపికగా చేసే టీవీఎస్ రెండూ ఒకటి కావు. కాబట్టి సూచన కాగితం మీద "ఎండోమెట్రియోసిస్ అనుమానం, అతుకులు, లోతైన వ్యాధి చూడవలెను" అని డాక్టరు చేత రాయించుకుని, స్కానింగు కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి ఇటువంటి స్కానింగు వారు చేస్తారా అని అడిగి వెళ్లాలి. స్కానింగులో కిడ్నీలను కూడా చూడమని అడగండి; మూత్రనాళాన్ని నొక్కే వ్యాధి నొప్పి లేకుండానే కిడ్నీని పాడుచేసిన సందర్భాలు ఉన్నాయి.

పెళ్లికాని అమ్మాయికి టీవీఎస్ చేయడానికి మన కేంద్రాలలో చాలామంది సిద్ధపడరు, కుటుంబాలూ ఒప్పుకోవు. కలయిక అనుభవం లేనివారికి అది సౌకర్యంగానూ ఉండదు. అయితే దాని అర్థం పొట్ట మీది స్కానింగుతో ఆగిపోవాలని కాదు. కడుపులో లోతైన వ్యాధి ఉందన్న అనుమానం బలంగా ఉంటే ఆమెకు ఎమ్మారై సరైన మార్గం. కొన్ని చోట్ల మలద్వారం ద్వారా స్కానింగు చేస్తారు. ఎమ్మారై పేగు, మూత్రాశయం, మూత్రనాళాల దగ్గర వ్యాధి ఎంత లోతుగా ఉందో చూపుతుంది గాని, పలుచటి వ్యాధిని అదీ పూర్తిగా పట్టుకోలేదు. టీవీఎస్ కన్నా ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ. అందుచేత నొప్పి ఉన్న ప్రతి అమ్మాయికీ మొదటి రోజే ఎమ్మారై రాయడాన్ని నేను సమర్థించను; ఆపరేషన్‌కు ముందు పటం గీసుకోవడానికి, లేదా టీవీఎస్ చేయలేనప్పుడు అది ఖర్చుకు తగిన ఫలం ఇస్తుంది.

సీఏ-125 అనే రక్తపరీక్షను నిర్ధారణ కోసం వాడవద్దని 2022 మార్గదర్శకాలు చెప్పాయి. నెలసరిలోనూ ఇతర వ్యాధులలోనూ అది పెరుగుతుంది. పెరిగిందని చూసి క్యాన్సరు భయంతో కుటుంబమంతా నిద్రలేని రాత్రులు గడపడం తప్ప ప్రయోజనం ఉండదు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో అండాశయ క్యాన్సరు అవకాశం స్వల్పంగా ఎక్కువే అయినా, మొత్తం మీద అది చాలా తక్కువ.

లాపరోస్కోపీ అంటే మత్తు ఇచ్చి, చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో లోపల చూడడం. ఒకప్పుడు దీన్నే నిర్ధారణకు ప్రామాణికంగా పరిగణించేవారు. 2022 మార్గదర్శకాలు ఆ స్థానాన్ని మార్చాయి: స్కానింగులో ఏమీ కనబడనివారికి, మందులతో ఫలితం రానివారికి లేదా మందులు వాడలేనివారికి మాత్రమే దీన్ని సూచించాయి. అంటే నొప్పి తీరును బట్టి, స్కానింగు ఆధారంగా డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు; కేవలం పేరు ఖాయం చేసుకోవడానికి ఆపరేషన్ చేయించుకోనక్కరలేదు. "ముందు లాపరోస్కోపీతో చూద్దాం, ఏముంటే అది తరువాత ఆలోచిద్దాం" అనే సలహా వస్తే, వ్యాధి కనబడితే అదే ఆపరేషన్‌లో తొలగిస్తారా లేదా అని అడగండి. తొలగించే నైపుణ్యం లేనిచోట చూడడానికి మాత్రమే చేసే లాపరోస్కోపీ అంటే ఒకదానికి రెండు ఆపరేషన్లు.

ఎండోమెట్రియోసిస్‌లాగే నొప్పి ఇచ్చే ఇతర వ్యాధులను కూడా మరవకూడదు. గర్భసంచి గోడలోకి ఆ కణజాలం చొచ్చుకుపోయే అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్లు, గర్భాశయ నాళాల ఇన్ఫెక్షన్, పేగు సమస్యలు, మన దేశంలో ప్రత్యేకించి గర్భసంచి క్షయ, వీటిని డాక్టరు లెక్కలోకి తీసుకున్నారా అని అడగడం న్యాయమే.

నొప్పి మాత్రలు

మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిసిన మెఫ్టాల్ స్పాస్ మాత్ర మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. నాప్రోక్సెన్, ఇబుప్రోఫెన్ కూడా ఈ వర్గానివే. నొప్పి తీవ్రమయ్యాక వేసుకోవడం కన్నా, నెలసరి మొదలవుతున్నప్పుడే డాక్టరు చెప్పిన మోతాదులో, భోజనం తరువాత వేసుకుంటే ఎక్కువ పనిచేస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారు, గర్భం దాల్చే ప్రయత్నంలో ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలపై ప్రభావం చూపే తీవ్రమైన అలెర్జీ రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరిక జారీ చేసింది. కొత్తగా దద్దుర్లు కనబడితే మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి. ఇవి నొప్పిని అదుపు చేస్తాయే గాని వ్యాధిని ఆపవు. ప్రతి నెలా మూడు నాలుగు రోజులు పూర్తి మోతాదు వేసుకున్నా పనులు మానుకోవలసి వస్తోందంటే, తరువాతి మెట్టుకు వెళ్లే సమయం వచ్చినట్టే.

హార్మోన్ మందులు: ఎక్కువ ఆలోచన పెట్టవలసిన చోటు

పిల్లల ఆలోచన ఇప్పట్లో లేనివారికి ఇవే ప్రధాన మార్గం, కుటుంబాలు ఎక్కువగా భయపడేది కూడా వీటికే. గర్భనిరోధక మాత్ర అన్న పేరు వినగానే పెళ్లికాని కూతురి తల్లి ఉలిక్కిపడుతుంది. తరువాత పిల్లలు పుట్టరేమోనని భయపడుతుంది. ఆ భయానికి ఆధారం లేదు. ఈ మాత్రలు ఆపాక అండం విడుదల తిరిగి మొదలవుతుంది. మూడు నెలలకొకసారి ఇచ్చే ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ తరువాత మాత్రం నెలసరి, గర్భధారణ మళ్లీ దారిలో పడటానికి చాలా నెలలు పట్టవచ్చు, కాబట్టి త్వరలో పెళ్లి, పిల్లలు అనుకునేవారికి ఆ ఇంజెక్షన్ అనుకూలం కాదు.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రెండూ కలిసిన మాత్ర చవకైనది, గర్భనిరోధకంగా కూడా పనిచేస్తుంది, విరామం లేకుండా వాడితే నెలసరే రాకుండా చేయవచ్చు. నెలసరి ఆగితే చెడు రక్తం లోపల ఉండిపోతుందన్న భయం మనలో చాలామందికి ఉంది; మందు వాడుతున్నప్పుడు లోపలి పొరే పలుచబడుతుంది కాబట్టి బయటకు రావడానికి నిలవ ఉండే రక్తమంటూ లేదు. అయితే కాళ్లలో లేదా ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, కళ్ల ముందు మెరుపులు వచ్చి తరువాత తలనొప్పి పట్టే మైగ్రేన్ ఉన్నవారికి, అదుపులో లేని బీపీ ఉన్నవారికి, 35 ఏళ్లు దాటి పొగ తాగేవారికి ఇది పనికిరాదు.

డైనోజెస్ట్ రోజుకు 2 మిల్లీగ్రాములు, ప్రొజెస్టెరాన్ వర్గానికే చెందిన ఈ మందును ఇప్పుడు మన నగరంలో ఎక్కువగా రాస్తున్నారు. ఈస్ట్రోజెన్ పడనివారికి ఇది వీలు కల్పిస్తుంది, చాక్లెట్ సిస్టు ఉన్నవారిలోనూ బాగా పనిచేస్తుంది. మొదటి రెండు మూడు నెలలు రోజూ కొద్దికొద్దిగా రక్తం కనబడటం మామూలే. ఆ సమయంలో భయపడి మానేసేవారే ఎక్కువ. తలనొప్పి, దిగులు, నీరసం కొందరిలో వస్తాయి. ముందునుంచే డిప్రెషన్ ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఏళ్ల తరబడి వాడినప్పుడు, ముఖ్యంగా ఎముకలు ఇంకా గట్టిపడే వయసులో ఉన్న అమ్మాయిలలో, ఎముకల సాంద్రతను గమనించుకోవాలి. ఇంకో మాట, డైనోజెస్ట్ ఒక్కదాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు. నోరెథిస్టెరాన్ కూడా ఇదే వర్గానిది, ఇంకా చవక. డైనోజెస్ట్ ఖర్చు నెలనెలా భరించలేనివారు దాని గురించి అడగవచ్చు.

గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం, అందరూ మిరెనా అనే పేరుతో పిలిచేది, రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనివారికి, పిల్లలు పుట్టి ఇక వద్దనుకునేవారికి చాలా అనువైనది. ఒకసారి పెట్టించుకుంటే కనీసం ఐదేళ్లు పనిచేస్తుంది. దీనిలో హార్మోన్ ఎక్కువగా గర్భసంచికే పరిమితం కాబట్టి చాక్లెట్ సిస్టు ఉన్నవారికి ఇది ఒక్కటే సరిపోతుందా అని అడిగి తెలుసుకోవాలి.

ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు అండాశయాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చుతాయి. నొప్పి బాగా తగ్గుతుంది, కాని వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు సన్నబడటం వంటివి వస్తాయి. అందుకే వీటితో పాటు కొద్ది మోతాదులో హార్మోన్ తిరిగి ఇచ్చే పద్ధతిని వాడతారు. ఇవి మొదటి మందు కావు, పై మందులు పడనివారికి రెండవ వరుసలోనివి. మొదటి సందర్శనలోనే ఈ ఇంజెక్షన్ రాస్తే కారణం అడగండి.

ఆపరేషన్ ఎప్పుడు, ఎలాంటిది

రెండు రకాల హార్మోన్ మందులు సరైన మోతాదులో వాడినా నొప్పి తగ్గనప్పుడు, మందులు అసలు పడనప్పుడు, పేగుకో మూత్రనాళానికో అడ్డంకి వచ్చినప్పుడు, సిస్టు స్వభావం మీద అనుమానం ఉన్నప్పుడు ఆపరేషన్ సరైన ఎంపిక. చాక్లెట్ సిస్టు ఉన్నంత మాత్రాన, నొప్పి లేకుండా, ఆపరేషన్ తప్పదని కాదు. సిస్టులోని ద్రవాన్ని లాగేసి వదిలేయడం కన్నా సిస్టు పొరను ఒలిచి తీయడం వల్ల అది మళ్లీ రావడం తగ్గుతుంది; కాని ఒలిచేటప్పుడు పక్కనున్న ఆరోగ్యకరమైన అండాశయ కణజాలం కూడా కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. అందువల్ల పిల్లలు కావాలనుకునే స్త్రీ ఆపరేషన్‌కు ముందు అండాల నిల్వను తెలిపే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ అంకెను పట్టుకుని నిపుణులతో మాట్లాడాలి. రెండవసారి, మూడవసారి అదే అండాశయం మీద ఆపరేషన్ అయితే నష్టం మరింత పెరుగుతుంది.

ఆపరేషన్ చేసే డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఇటువంటి ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా, పేగు మీద వ్యాధి కనబడితే ఆ సమయంలో జీర్ణాశయ సర్జన్ అందుబాటులో ఉంటారా, వ్యాధిని కాల్చి వదిలేస్తారా, కోసి తీస్తారా, తీసిన ముక్కను బయాప్సీకి పంపిస్తారా, ఆపరేషన్ వీడియో లేదా ఫొటోలు ఇస్తారా, తరువాత ఏ మందు వాడాలి. చివరి ప్రశ్నకు "ఏ మందూ అక్కరలేదు, అంతా తీసేశాం" అని జవాబు వస్తే జాగ్రత్త పడండి. వెంటనే గర్భం కోరుకోనివారికి ఆపరేషన్ తరువాత కనీసం ఏడాదిన్నర నుంచి రెండేళ్లు హార్మోన్ మందు వాడితే నొప్పి తిరిగి రావడం తగ్గుతుందని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంకొకటి, వ్యాధి ఎంత ఉందన్నదానికీ నొప్పి ఎంత ఉందన్నదానికీ సూటి సంబంధం లేదు. మొదటి దశ అని రాసి ఉన్న రిపోర్టు పట్టుకుని భర్తో, అత్తగారో నొప్పిని తక్కువ చేసి మాట్లాడకూడదు.

గర్భసంచి తీసేయించుకోమని సలహా వస్తే, దాని గురించి వేరుగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండు చోట్లా 8 శాతానికి పైనే. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎండోమెట్రియోసిస్‌లో గర్భసంచి తీస్తే బయట ఉన్న వ్యాధి అక్కడే ఉండిపోతుంది. దాన్ని కూడా కోసి తీయకపోతే నొప్పి కొనసాగవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి ఎముకలకూ గుండెకూ హాని కలుగుతుంది. అడినోమయోసిస్ కూడా ఉండి, పిల్లల ఆలోచన ముగిసి, మందులన్నీ విఫలమైన స్త్రీకి అది సరైన ఎంపిక కావచ్చు. ముప్పై ఏళ్ల స్త్రీకి మొదటి సలహాగా ఇచ్చినప్పుడు మాత్రం మరో ఇద్దరిని అడగకుండా సంతకం పెట్టకూడదు.

గర్భం కావాలనుకునేవారికి

35 ఏళ్ల లోపు ఏడాది ప్రయత్నం తరువాత, 35 దాటితే ఆరు నెలల తరువాత సంతాన సాఫల్య నిపుణులను కలవడం సాధారణ నియమం. ఎండోమెట్రియోసిస్ ఉందని తెలిసినవారు అంతకంటే ముందే కలవడం మేలు. వ్యాధి తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు లాపరోస్కోపీతో తొలగిస్తే సహజంగా గర్భం వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. కాని ఐవీఎఫ్‌కు వెళ్లేముందు చాక్లెట్ సిస్టును తప్పక తీయించుకోవాలన్న నియమం లేదు. వయసు, ఏఎంహెచ్, భర్త వీర్య పరీక్ష, ఈ మూడూ చూడకుండా ఆపరేషన్ ముందా, ఐవీఎఫ్ ముందా అని తేల్చడం సరికాదు. భర్త పరీక్ష చేయించుకోకుండా భార్యకు మాత్రం ఆపరేషన్ నిర్ణయించడం మన కుటుంబాలలో ఇప్పటికీ జరుగుతోంది, దాన్ని ఒప్పుకోకండి.

మిగిలిన మార్గాలు, ఖర్చు, అత్యవసరం

వేడినీటి కాపడం, కటి కండరాలకు ఫిజియోథెరపీ కొందరికి నిజంగా ఉపశమనం ఇస్తాయి. ముఖ్యంగా ఏళ్ల నొప్పితో కండరాలు బిగుసుకుపోయినవారికి ఫిజియోథెరపీ అవసరం. ఆయుర్వేదం, హోమియోపతి వైపు వెళ్లదలచుకున్నవారు స్కానింగు వాయిదా వేయకుండా, పేరూ మోతాదూ రాయని పొడులు తీసుకోకుండా ఉండాలని మాత్రమే చెబుతాను.

తెల్ల రేషన్ కార్డున్నవారు ఆపరేషన్ నిర్ణయమైనప్పుడు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, తమకు రాసిన ఆపరేషన్ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో కాగితం మీద చూపించమని అడగాలి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రైవేటు బీమా ఉన్నవారు పాలసీ పత్రంలో కొన్ని వ్యాధులకు ఉండే వేచి ఉండే కాలాన్ని చదవాలి, ఎండోమెట్రియోసిస్ తరచుగా ఆ జాబితాలో ఉంటుంది.

ఒక్కసారిగా వచ్చి తగ్గని కడుపునొప్పి, వాంతులు, జ్వరం, కళ్లు తిరిగి పడిపోవడం, లేదా నెలసరి తప్పి నొప్పి రావడం, ఇవి ఉంటే ఈ పోలికలేవీ వద్దు. సిస్టు మెలికపడటమో, పగలడమో, గర్భసంచి బయట గర్భమో అయి ఉండవచ్చు. 108కు ఫోన్ చేసి రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఏ మందు మొదలుపెట్టినా, అదే నోటుపుస్తకంలో నొప్పి అంకెలు రాస్తూ, మూడు నెలలకు డాక్టరును తిరిగి కలవండి. పది ఉన్నచోట నాలుగుకు దిగితే, పనులు మానుకోవలసిన రోజులు తగ్గితే, మందు పనిచేస్తోందన్నమాట, కొనసాగించండి. మార్పు లేకపోతే అదే మాత్రను మరో ఆరు నెలలు పొడిగించడానికి ఒప్పుకోకుండా, మందు మార్చడమా, టీవీఎస్ లేదా ఎమ్మారై తీయించడమా, లాపరోస్కోపీ నిపుణుల దగ్గరికి పంపడమా అన్నది ఆ రోజే, ఆ గదిలోనే తేల్చి రాసివ్వమని అడగండి.